పక్క సీటు

"కళ్లు బాగానే ఉన్నాయి కదా, వాటికి గంతలు కట్టుకుని విమానం నడపడం ఏమిటమ్మా?" అని మా అత్తగారు అడిగినప్పుడు నేను మా ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. ఆవిడ వేళాకోళానికే అన్నా అడగాల్సిన ప్రశ్నే. మబ్బులోకి వెళితే కిటికీలోంచి ఏమీ కనిపించదనీ, ఎదురుగా ఉన్న మీటర్లు చూసే నడపాలనీ, దానికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అని విడిగా ఒక పరీక్ష ఉందనీ చెప్పాను. నాకున్న మామూలు లైసెన్సుతో మబ్బు ఎదురైతే వెనక్కి తిరిగి రావలసిందే. "తిరిగొచ్చెయ్ మరి. ఇంట్లో పని లేకనా?" అన్నారు. ఆదివారం పొద్దున్నే కదలాలంటే శనివారం సాయంత్రానికల్లా వారానికి సరిపడా చొక్కాలు, రెండు పూటల వంట అయిపోవాలి. ఇంకో చొక్కా తీశాను.

లైసెన్సు మా ఇద్దరికీ ఉంది. ముందు వచ్చింది ఆయనకి. మ్యాపు పట్టుకోవడానికీ నీళ్ల సీసా అందించడానికీ పక్కన మనిషి కావాలని నన్ను తీసుకెళ్లేవారు. అలా చూస్తూ చూస్తూ నేనూ నేర్చుకున్నాను. అప్పట్లో స్నేహితులందరికీ గొప్పగా చెప్పుకున్నారు. ఈ రేటింగ్ మాట ఎత్తేసరికి మాత్రం ముఖం మారిపోయింది. ఆయన కూడా ఒకప్పుడు మొదలుపెట్టి, మన సరదాకి ఇదంతా దండగ అని మధ్యలో వదిలేశారు. నన్ను వద్దని అనలేదు. మా ఆయన దేనికీ వద్దనరు, "చూద్దాంలే" అంటారు. నేను పనిచేసే పళ్ల డాక్టరుగారికి కూడా ఇదో ముచ్చట. "విమానం నడిపే ఆవిడ చేతి టీ తాగండి" అని పేషెంట్లకి పరిచయం చేస్తారు. రిసెప్షన్లో కూర్చోవడం నా ఉద్యోగం. టీ ఎప్పుడు నా పనయిందో నాకు గుర్తులేదు.

సాధన చేసేటప్పుడు నుదుటి మీంచి ముందుకు వంగి ఉండే ప్లాస్టిక్ హుడ్ పెట్టుకుంటాం. అది పెట్టుకుంటే మీటర్లు తప్ప ఇంకేమీ కనిపించవు. అందుకని పక్క సీట్లో లైసెన్సున్న మనిషి కూర్చుని బయటికి చూస్తూ ఉండాలన్నది నియమం. మా టీచర్‌కి ఈ వారమంతా వేరే పాఠాలు ఉన్నాయి. క్లబ్బులో మిగతావాళ్లని అడిగితే, మీ ఆయన ఉండగా మేమెందుకమ్మా అన్నారు. నిజమే, ఆయన ఉండగా ఎవరైనా ఎందుకు వస్తారు? శుక్రవారం పరీక్ష. ఈలోపు ఈ ఆదివారం ఒకసారి, వారం మధ్యలో ఇంకోసారి ఎగిరితేనే పరీక్షకి కావలసిన గంటలు నిండుతాయి. తప్పితే మళ్లీ చలికాలం దాటాకే. అప్పటికి మా ఆడపడుచు పిల్లలతో వచ్చి ఉంటుంది, నాకు తల దువ్వుకునే తీరిక కూడా దొరకదు. "నా ఆదివారాలన్నీ నీకే రాసిచ్చేశాను" అంటారు ఆయన. ఆ మాట వెనక్కి తీసుకోకుండా ఉండాలని వారమంతా ఆయన మనసెరిగి మసలుకుంటాను. కూరలో ఉప్పు ఎక్కువైనా నా గుండె గుభేలుమంటుంది.

పక్క సీట్లో ఉన్న మనిషి బయటికి చూడాలి, ఎదురుగా ఏదైనా వస్తే చెప్పాలి, అంతే. కానీ రెండు సీట్లకీ స్టీరింగ్ ఉంటుంది, ఒకటి కదిపితే రెండోదీ కదులుతుంది. ఆయన చెయ్యి ఊరుకోదు. రెండు వేళ్లతో కాస్త అటు, కాస్త ఇటు. ఏమిటిదని అడిగితే సాయం అంటారు. తర్వాత టీచర్‌తో వెళ్లినప్పుడు నా చేతికి తూకం దొరికేది కాదు, నేనే మొద్దునేమో అనుకునేదాన్ని. దిగాక క్యాంటీన్లో, "ఇవాళ నేను లేకపోతే ఈవిడ చెరువులో తేలేది" అని అందరినీ నవ్వించేవారు. అందరికంటే ముందు నేనే నవ్వేదాన్ని. తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆ ఆదివారం పైకి వెళ్లి కాసేపయ్యాక, ఎడమకి ఒరిగిపోతున్నావు, సరిచెయ్యి అన్నారు. చూశాను. ఒరుగు చూపించే మీటరులో గీత అడ్డంగా, తిన్నగా ఉంది. మలుపు చూపించే ముల్లు నడిమధ్యలో ఉంది. ఒరిగి ఉంటే దిక్కు మారుతూ ఉండాలి, అదీ మారడం లేదు. తిన్నగానే ఉందండి అన్నాను. "బయట చూస్తున్నది నేనా నువ్వా?" అన్నారు. నా చేతిలో స్టీరింగ్ కుడికి తిరిగింది. గీత వాలింది, దిక్కు మారడం మొదలైంది.

విచిత్రం ఏమిటంటే, ఆయన ఆ మాట అనగానే నా ఒంటికి కూడా ఎడమకి ఒరిగినట్టే అనిపించింది. మీటర్లు కాదంటున్నా ఒళ్లు ఆయన మాటే వింది. ఇన్నేళ్లుగా విన్నట్టే. ఒంటి తూకం చెప్పే చెవి, కడుపు, పక్కనున్న మనిషి, ఈ ముగ్గురూ ఏకమై చెప్పినా సరే, మీటర్లు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా లేదా అదే చూడు అంటుంది మా టీచర్. ఇంట్లో చూసుకోవడానికి నాకు అలాంటి గీత ఏదీ లేదు. నా మాట పెడసరం అంటే గొంతు తగ్గించుకున్నాను. పుట్టింటికి ఫోన్లు ఎక్కువయ్యాయంటే తగ్గించాను. నా నవ్వు బాగుండదంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. వీటిలో ఎన్ని నిజంగా వంకర? ఎన్నిసార్లు తిన్నగా ఉన్నదాన్ని నేనే వంచుకున్నాను?

"చెయ్యి తీయండి" అన్నాను. తీయలేదు. "కంట్రోల్ నాది. చెయ్యి తీయండి."

తీశారు. గీతని మళ్లీ అడ్డంగా తెచ్చి నిలబెట్టాను. పడిపోతున్నావు, పడిపోతున్నావు అని ఒళ్లంతా మొత్తుకుంది. చెయ్యి మాత్రం కదపలేదు. అలాగే నిలబెట్టి ఒక్క క్షణం హుడ్ ఎత్తి బయటికి చూశాను. ఎదురుగా మబ్బుల అంచు ఎడమ పక్క ఎత్తుగా ఉండి కుడికి వాలుగా పరుచుకుని ఉంది. ఆయన దాన్నే నేల అంచు అనుకుని విమానం ఒరిగిందన్నారు. ఆ పొరపాటు గురించి మొదటి పాఠాల్లోనే చెబుతారు.

క్యాంటీన్లో మామూలే. ఈవిడ ఇవాళ ఏకంగా బోర్లా పడేసేది అని మొదలుపెట్టారు, అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మబ్బు వాలుగా ఉందనీ, విమానం తిన్నగానే ఉందనీ టీచర్‌కి చెప్పాను. "మీటర్లన్నీ కలిశాయా?" అంది. కలిశాయన్నాను. "అయితే నువ్వే కరెక్ట్" అని ఆవిడ తన టీ తను తాగింది. ఆయన కప్పులో చెంచా తిప్పుతూనే ఉన్నారు.

తిరిగొచ్చేటప్పుడు కారు ఆయనే నడిపారు. మా వీధి మలుపు దగ్గర బండి నెమ్మది చేసి, నా వైపు చూడకుండా, "ఆ ముళ్ల మీద ఉన్న నమ్మకం నా మీద లేదా?" అని అడిగారు. కోప్పడలేదు. కోప్పడాల్సిన అవసరమూ లేదు. వారం మధ్యలో ఇంకోసారి ఎగరాలని ఆయనకి తెలుసు, ఆయన కూర్చోకపోతే శుక్రవారం పరీక్ష ఉండదనీ తెలుసు. అయ్యో అదేం మాటండీ అంటే సరిపోతుంది. అది నా నాలుక చివరే ఉంది, ఇన్నేళ్లుగా అక్కడే ఉంది. అది అంటే సాయంత్రం ప్రశాంతంగా గడుస్తుంది, పక్క సీట్లో ఆయన కూర్చుంటారు, పరీక్షకి వెళతాను. బహుశా పాసవుతాను కూడా.

"లేదండి" అన్నాను.