మా అన్నయ్య చెయ్యి

మా అన్నయ్య తొకుజో తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. గుండె జబ్బుతో ఆసుపత్రి పాలై, బతికి బయటపడ్డాక డాక్టరు ఒకే ఒక్క షరతు పెట్టాడు. ఇకమీదట బాగా వేడి నీళ్ళలో దిగకూడదు, నలభై డిగ్రీలు దాటకూడదు అని. స్నానశాల నడిపే మనిషికి చెప్పాల్సిన మాటేనా అది? ఒసాకాలో మా పేట జనానికి తాతల నాటి నుంచి వేడి నీళ్ళు కాస్తున్నది మేమే. నలభై నాలుగు డిగ్రీల నీళ్ళలో మెడదాకా మునిగి ఓ నిట్టూర్పు విడిస్తే తప్ప అన్నయ్యకు ఆ రోజు గడిచినట్టు కాదు.

ఇంటికొచ్చిన పూటే కోడలు చిజురుకు తెగేసి చెప్పాడు. "నలభై అంటే స్నానం కాదమ్మాయ్, అంట్లు కడిగిన నీళ్ళు. నాకు నలభై నాలుగు పెట్టు. చస్తే చస్తాను, శుభ్రంగా చస్తాను."

చిజురు బడిలో పిల్లలకు సైన్సు చెబుతుంది. నోట్లో నాలుక లేని పిల్ల. ఆయనతో వాదించి గెలవడం తన వల్ల కాదని తెలిసి ఒక పని చేసింది. ఇంటి తొట్టిలో తేలే పాత కొయ్య థర్మామీటరు ఒకటుంది. గోడకున్న కొత్త మీటరు వైపు అన్నయ్య కన్నెత్తి చూడడు గానీ, దీన్ని మాత్రం ప్రాణంగా చూసుకుంటాడు. ముందు నీళ్ళలో చెయ్యి పెట్టి "ఇంత" అని చెప్పి, ఆ తర్వాత దాన్ని చూస్తాడు. నాకు తెలిసి ఆ రెంటికీ ఏనాడూ తేడా రాలేదు. దాని అంకెలు కొయ్య మీద ఉంటాయి. చిజురు గాజు గొట్టాన్ని కొయ్యకు పట్టి ఉంచే తీగలు వదులు చేసి, గొట్టాన్ని గోరెడంత పైకి జరిపి మళ్ళీ బిగించింది. ఇక నలభై డిగ్రీల నీళ్ళలో పెడితే అది నలభై నాలుగు చూపిస్తుంది.

ఆ సాయంత్రం అన్నయ్య నీళ్ళలో చెయ్యి పెట్టి "చల్లారిపోయినట్టున్నాయే" అన్నాడట. కొయ్యను పైకెత్తి చూసి, మళ్ళీ ముంచి చూసి, దిగాడట. మర్నాడు చిజురు ఈ సంగతి నా చెవిన వేస్తే నేను దాని వీపు తట్టాను. "శభాష్. మూడో కంటికి తెలియనివ్వకు" అన్నాను. కాబట్టి పాపమంతా ఆ పిల్లదే అనడానికి నాకు నోరు లేదు.

నేను స్నానశాల గుమ్మంలో ఎత్తుపీట మీద కూచుని వచ్చేవాళ్ళ దగ్గర డబ్బులు తీసుకుంటాను. మూడింటికి తెరుస్తాం. తెరిచే ముందు అన్నయ్య అందరూ కలిసి దిగే పెద్ద తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి "ఊఁ, తెరవండి" అంటాడు. అప్పుడే అన్నయ్య కొడుకు షూహెయ్, చిజురు మొగుడు, తెరిచామని గుర్తుగా గుమ్మానికి నీలం తెర కడతాడు. అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వాడు ఆ తొట్టి దగ్గర పడ్డ హైరానా అంతా ఇంతా కాదు.

ఒకరోజు అన్నయ్య ఎప్పటిలాగే చెయ్యి పెట్టాడు, కానీ "తెరవండి" అనలేదు. చుట్టూ చూసి, తువ్వాలు మడతలోంచి ఆ కొయ్య థర్మామీటరు తీసి నీళ్ళలో ముంచాడు. మొహం వాడిపోయింది.

"షూహెయ్, చన్నీళ్ళు వదులు."

"ఎందుకు నాన్నా, సరిగ్గానే ఉన్నాయిగా?"

"వదలమన్నానా!"

ఆ పూట మొదట వచ్చిన మంగలి కుమగాయి తొట్టిలో దిగీ దిగగానే మొదలెట్టాడు. "ఏంటి పెద్దాయనా, చంటిపిల్లలకు పోసే నీళ్ళు పెట్టావు? మమ్మల్ని కూడా ఒళ్ళో పడుకోబెట్టుకుంటావా?" తక్కినవాళ్ళు గొల్లుమన్నారు. ఇంకో రోజైతే అన్నయ్య ఒకటికి పది అంటించేవాడు. ఆ రోజు తల వంచి "తప్పైపోయింది, మన్నించండి" అన్నాడు. నవ్వేవాళ్ళు నవ్వు ఆపేశారు.

మర్నాడు పొద్దున్నే అన్నయ్య చావులకీ పెళ్ళిళ్ళకీ వేసుకునే నల్లకోటు తొడుక్కుని, మిఠాయి పెట్టె చేత్తో పట్టుకుని బయల్దేరాడు.

"ఎక్కడికి అన్నయ్యా?"

"కుమగాయి ఇంటికి. పోయిన చలికాలం మన తొట్టిలో స్పృహ తప్పి పడ్డాడు, గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? పీకలదాకా తాగి దిగాడు, పడ్డాడు."

"తాగి కాదు చెల్లీ. నా చెయ్యి చచ్చిపోయింది. ఎప్పుడు చచ్చిపోయిందో నాకు తెలీదు. నలభై నాలుగనుకుంటూ మనుషుల్ని నలభై ఎనిమిదిలో ఉడకబెట్టాను."

మధ్యాహ్నం కుమగాయి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "మీ అన్నకు పిచ్చిగానీ పట్టిందా? చాప మీద నుదురు ఆనించి లేవడే! ఆ రోజు తాగి పడ్డానని చెబుదామంటే పక్కన మా ఆవిడ. దానికి తెలిస్తే నన్ను బతకనిస్తుందా? నోరు మూసుకుని ఆ మిఠాయి పుచ్చుకున్నాను. ఒక్క ముక్క గొంతు దిగితే ఒట్టు."

ఈ భాగోతం వంటింట్లో చిజురుకు చెప్పాను, నవ్వుతుందనుకుని. ముల్లంగి తరుగుతున్నదల్లా కత్తి కింద పెట్టేసింది.

"ఇవాళ బడిలో మూడు గిన్నెల పాఠం అత్తయ్యా. ఒక చెయ్యి వేణ్ణీళ్ళలో, ఒకటి మంచు నీళ్ళలో కాసేపు పెట్టించి, తర్వాత రెండూ గోరువెచ్చని నీళ్ళలో పెట్టిస్తాను. ఒక చేతికి చల్లగా ఉంటుంది, ఇంకోదానికి వేడిగా. అప్పుడు చెయ్యి మోసపోతుంది, థర్మామీటరు మోసం చెయ్యదు అని చెప్పాలి. నోట్లోంచి ఆ మాట రాలేదు. పిల్లలు నా మొహం చూస్తూ కూచున్నారు. మామయ్యకు చెప్పేస్తాను."

"చెబితే ఏమవుతుంది? పంతానికి నిజంగానే నలభై నాలుగులో దిగుతాడు. అప్పుడు ఆయన ఫోటోకి అగరొత్తులు నువ్వు వెలిగిస్తావా?"

"చెప్పకపోతే చెయ్యని తప్పుకి ఇంకెంతమంది ఇళ్ళకు వెళ్ళి తలకాయ నేలకు ఆనిస్తారో!"

మింగలేక కక్కలేక ఇద్దరం ఆ ముల్లంగి వైపు చూస్తూ నిలబడ్డాం.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అన్నయ్య తనే నోరు విప్పాడు. "షూహెయ్, తొట్టికో మెషిన్ పెట్టించు. నేనిక అటువైపు రాను. నాలాంటివాడు నీళ్ళ దగ్గర ఉండకూడదు."

చిజురు అన్నం గిన్నె కింద పెట్టి, లేచి వెళ్ళి థర్మామీటరు తెచ్చి ఆయన ముందు పెట్టింది. నేల మీద చేతులానించి తల వంచింది. "మీ చేతికేం కాలేదు మామయ్యా. దీని గొట్టం నేనే జరిపాను. మీరు ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే."

షూహెయ్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇక గిన్నెలు ఎగురుతాయనుకున్నాను. అన్నయ్య దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు.

"నాలుగు రోజులు గొడవపడితే సరిపోయేది కదమ్మా" అన్నాడు. "నువ్వూ నాలుగు తిట్లు తినేదానివి. నేనూ అరిచి అరిచి, ఆఖరుకి ఆ నలభైలోనే దిగేవాణ్ణి. అసలు అలవాటయ్యాక ఆ నీళ్ళు హాయిగానే ఉన్నాయి."

"నాకూ తెలుసు అన్నయ్యా, మొదటినుంచీ" అన్నాను. ఆయన నా వైపు చూశాడు. నోరారా తిట్టి ఉంటే ఆ రాత్రి నాకు నిద్రపట్టేది.

మర్నాడు శనివారం. చిజురు బడి థర్మామీటరు పక్కన పెట్టుకుని కొయ్య థర్మామీటరు గొట్టాన్ని సరిచేసింది. మూడింటికి ముందు నలుగురం పెద్ద తొట్టి దగ్గర చేరాం. బయట కుమగాయి వాళ్ళు కబుర్లాడుకోవడం వినిపిస్తోంది.

"పెట్టండి నాన్నా" అన్నాడు షూహెయ్.

అన్నయ్య చొక్కా చెయ్యి మడిచి మోచేతి దాకా ముంచాడు. "తెరవండి" అంటాడని షూహెయ్ తెర చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అన్నయ్య ఆ చెయ్యి తీసి రెండో చెయ్యి పెట్టాడు. అదీ తీసి, మళ్ళీ మొదటిది పెట్టాడు. రెండు చేతులూ ఎర్రగా కందిపోయాయి.

"నలభై నాలుగు అనిపిస్తోంది" అన్నాడు చివరికి. "అనిపించడానికేం, నేనేదనుకుంటే అదే అనిపిస్తోంది. ఎంతుందో నువ్వు చెప్పమ్మా."

చిజురు బడి థర్మామీటరు ముంచి తీసింది. "నలభై నాలుగే మామయ్యా. మీరన్నదే."

"నిజమేనా?"

"ఒట్టు మామయ్యా. మీరే చూడండి" అంటూ దాన్ని ఆయనకు అందించింది. ఆయన దాన్ని చూడలేదు.

"ఎందుకూ, నువ్వు చెప్పావుగా" అని చేతులు తుడుచుకుని, చొక్కా చేతులు కిందికి లాగి బొత్తాలు పెట్టుకున్నాడు.

సోమవారం మూడు దాటింది. గుమ్మానికి ఇంకా తెర కట్టలేదు. బయట జనం గొణుగుతున్నారు, నేను ఎత్తుపీట మీద కూచుని వాళ్ళకు ఏవో సాకులు చెబుతున్నాను. లోపల అన్నయ్య, చొక్కా చెయ్యి మడవకుండా తొట్టి పక్కన కూచుని, బడి నుంచి చిజురు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాడు.