వంతెన దగ్గర దిగని రోజు

తడి కాగితంతో బస్సు ముందద్దం తుడిచి, పొడి గుడ్డతో మళ్ళీ తుడిచి, మూలన మిగిలిన మరకని చొక్కా అంచుతో ఇంకోసారి రుద్దాడు నిదానం. ఊరు పెట్టిన పేరది. ఆయన బస్సెక్కితే పెళ్ళికని బయల్దేరినవాళ్ళు పుట్టిన బిడ్డని చూసి రావచ్చని వేళాకోళం. ముప్పై నాలుగేళ్ళుగా నడుపుతున్నాడు. ఇవాళ్టితో ఆఖరు.

డ్రైవరు సీటు మీద వేసుకునే దిండు పట్టుకుని భార్య బయటికొచ్చింది.

"ఏమండీ, ఈ మూల కుట్టింది నేను కాదు. నా దారం నలుపు. ఇది ఎరుపు."

"అవతలి గట్టు డ్రైవరు భార్య అయ్యుంటుంది. అతనూ దీనిమీదే కూర్చుంటాడుగా."

"కుట్టు మాత్రం గట్టిగానే ఉంది," అంది ఆవిడ, ఒప్పుకోలేక ఒప్పుకుంటూ. ఆయన ఛాతీ రుద్దుకోవడం చూసి, "రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. చూద్దాంలే అన్నారంటే ఊరుకోను," అంది.

"చూద్దాంలే," అన్నాడు ఆయన.

నెలకోసారి ఆ బస్సు యాత్రికులది. ఏటికి ఈ గట్టున ఒక జనం, ఆ గట్టున ఇంకో జనం. దేవుడొక్కడే, బైబిలూ ఒక్కటే, అయినా ముప్పై ఏళ్ళ కిందట ఒకళ్ళ మీద ఒకళ్ళు రాళ్ళు వేసుకున్నారు, ఇళ్ళు తగలబెట్టుకున్నారు. ఇప్పుడు ఆ గట్టువాళ్ళు కొందరు ముందురోజే నడిచొచ్చి ఇక్కడి చర్చి హాల్లో పడుకుంటారు. పొద్దున్నే అందరూ కలిసి ఆ గట్టున కొండ మీదున్న పాత చర్చికి వెళ్తారు. పాస్టరు గారు పెట్టిన నియమం ఒకటుంది. పక్కపక్కన ఇటువాళ్ళొకరు, అటువాళ్ళొకరు కూర్చోవాలి. దారిలో తమకి జరిగింది కాదు, తాము చేసింది చెప్పుకోవాలి.

పదకొండేళ్ళుగా నిదానం ఆ మాటలన్నీ వీపుతో వింటున్నాడు.

యాత్రికులకి వంతెన దాటే కాగితాలిస్తారు. డ్రైవర్లకి మాత్రం అవతలి గట్టున బండి నడిపే అనుమతి లేదు. అందుకే వంతెన దగ్గర నిదానం దిగిపోతాడు, అవతలి డ్రైవరు ఎక్కుతాడు. సాయంత్రం మళ్ళీ మార్పు. అప్పుడు సీటు నాలుగు వేళ్ళు ముందుకి జరిగి ఉంటుంది, వెనక చూసుకునే అద్దం కిందికి వంగి ఉంటుంది. అతను పొట్టివాడు. కుడి కనుబొమ్మ మీద పాత మచ్చ. అది చూసిన రోజు నుంచీ నిదానానికి అతని ముఖంలోకి చూడడం చేతకాలేదు. ఆ గొడవల రోజున ఇదే వంతెన మీది నుంచి ఆయన మూడు రాళ్ళు విసిరాడు. రెండు నీళ్ళలో పడ్డాయి. మూడోది పడిన చప్పుడు వినిపించలేదు.

ఇవాళ అడగాలి. ఇవాళ కాకపోతే అడిగే రోజు ఇక లేదు.

బస్సు మంచులోకి దిగింది. రోడ్డు పక్క చెట్లు సగం నుంచి పైకే కనిపిస్తున్నాయి. వెనకెవరో సన్నగా పాట ఎత్తుకున్నారు, ఇంకెవరో అందుకున్నారు. ముందు సీట్లో రిటైరైన టీచరమ్మ ఎప్పటిలాగే మొదలుపెట్టింది.

"తమ్ముడూ, ఇవాళైనా మాతో వస్తావా? జాబితాలో నీ పేరు రాసి రాసి పాస్టరు గారి చెయ్యి నొప్పెడుతోంది."

"నేను బండి తోలేవాణ్ణక్కా, ప్రార్థన చేసేవాణ్ణి కాదు."

"మరి తోలుతూ నువ్వు గొణుక్కునేదేంటి?"

ఆయన నవ్వేసి గేరు మార్చాడు.

వంతెన దగ్గర బస్సు ఆపి బ్రేకు లాగాడు. దిగలేదు. అవతలి డ్రైవరు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఖాళీగా ఉండాల్సిన సీట్లో మనిషి కనబడేసరికి ఎటు చూడాలో తెలియక స్టీరింగు చక్రం వైపు చూశాడు. నిదానం అతని ముఖంలోకి చూశాడు.

"ఆ మచ్చ... రాయి తగిలిందా?"

అతను కనుబొమ్మ తడుముకున్నాడు. "రాయే."

"నేనూ విసిరాను. ఆ రోజు. ఇక్కడి నుంచే."

బస్సులో పాట ఆగిపోయింది. అతను ఒక కాలు మెట్టు మీద పెట్టాడు.

"ఇది మీ రాయో కాదో నాకెలా తెలుస్తుందన్నా? నేను విసిరినవి ఎవరికి తగిలాయో నాకూ తెలీదు," అన్నాడు. "ఎన్నాళ్ళని ఇక్కడ దిగిపోతారు? పక్క సీట్లో కూర్చోండి. నేను తోలతాను."

పాస్టరు గారు జాబితా చూపించారు. వంతెన కాపలావాడు అడ్డుకర్ర ఎత్తాడు. ముప్పై ఏళ్ళ తర్వాత నిదానం ఏరు దాటాడు. ఆ గట్టు ఇంత దగ్గరా అని ఆశ్చర్యపోయాడు. తీగ మీద తడి దుప్పట్లు, మెట్ల మీద నిద్రపోతున్న కుక్క, కిటికీలో జుట్టు ఆరబెట్టుకుంటున్న పిల్ల. అన్నీ ఇంటి దగ్గర చూసినవే. పాట మళ్ళీ మొదలైంది. ఆయన కిటికీ అద్దానికి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కింద ఎక్కడో, ఇన్నాళ్ళకి, మూడో రాయి నీళ్ళలో పడిన చప్పుడు వినిపించినట్టయింది. ఒళ్ళంతా తేలికైంది.

అవతలి డ్రైవరు పైనున్న అద్దాన్ని ఆయన వైపు తిప్పుకున్నాడు. నిద్ర చెడుతుందని కొండ మలుపులన్నీ మెల్లగా తిప్పాడు. "నిదానాన్ని మించిపోయావయ్యా," అంది టీచరమ్మ. పైన అందరూ దిగాక భుజం తట్టి లేపబోయింది. "తమ్ముడూ," అంది. మళ్ళీ అంది. తర్వాత ఆయన చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని అక్కడే కూర్చుండిపోయింది.

సాయంత్రం వంతెన దగ్గర కాపలావాడు అడిగాడు, "ఈ గట్టు డ్రైవరేడి?"

అవతలి డ్రైవరు పక్క సీటు చూపించాడు. ఈ గట్టున తోలడానికి అతని దగ్గర కాగితం లేదు. కాపలావాడు టోపీ తీసి, అడగాల్సింది అడక్కుండానే అడ్డుకర్ర ఎత్తేశాడు.

ఇంటి దగ్గర బస్సు ఆగాక యాత్రికులు ఆయన్ని లోపలికి మోశారు. ఇంట్లోంచి ఆయన భార్య ఏడుపు వినిపిస్తుంటే అవతలి డ్రైవరు లోపలికి రావచ్చో లేదో తెలియక గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు. బస్సులోంచి తెచ్చిన దిండుని పక్కనున్న కుర్చీలో పెట్టి, వంతెన వైపు నడిచి వెళ్ళిపోయాడు.

దిండు ఆ కుర్చీలోనే ఉంది. ఒక మూల నల్ల కుట్టు, ఒక మూల ఎర్ర కుట్టు, మధ్యలో ఇద్దరూ కూర్చున్న ఒకే గుంట.