కడిగి తెచ్చిన ఆలుగడ్డలు

ఆ పొద్దున మబ్బు కోకాపేట మేడల నడుముదాకా దిగి కూర్చుంది. పై అంతస్తులు ఉన్నాయో లేవో తెలియడం లేదు. లేకపోయినా నష్టం లేదనుకున్నాడు మొగిలి.

జహీరాబాద్ పక్క ఊరు అతనిది. పోయిన పంటలో ఆలుగడ్డ మొక్కలు పచ్చగా ఉండగానే వాడి వాలిపోయాయి. దాచిన విత్తనపు గడ్డల్లోనూ ఆ తెగులుంటే, నాటిన చేను ఏళ్లపాటు ఆలుకు పనికిరాదు. రేపే నాటాలి. ఇక్కడ క్యాబ్ నడిపే అల్లుడు భాస్కర్, పరీక్ష చేసే ల్యాబు ఉందని పోరుపెట్టి అత్తామామలను కారెక్కించి తెచ్చాడు.

మొగిలికి అక్కడ ఒక్కటీ నచ్చలేదు. నేల మీద మట్టి జాడ లేదు. హరిత అనే ల్యాబు పిల్ల చేతికి తొడుగులేసుకుని, గడ్డను శవాన్ని ముట్టినట్టు ముట్టింది. ముక్క కోసి నూరితే, తెగులు క్రిమి జన్యువు ఏ మూలనున్నా మిషన్ పట్టేస్తుందని చెప్పింది.

"ఆలుగడ్డకు గూడ దవాఖాననా?" అన్నాడు మొగిలి అల్లుడితో, ఆమెకు వినబడేటట్టే. "ఇగ వంకాయకు ఆపరేషన్ జేస్తరు."



మధ్యాహ్నం హరిత వచ్చి తెగులు లేదంది. మొగిలి మీసాల్లో నవ్వాడు. ఈ ముక్క చెప్పడానికి ఇంత అద్దాల మేడ కావాలా అన్నాడు. ఆమె వెళ్లబోతూ ఆగి, కుప్పలోంచి చేతికందినవి తెమ్మంటే ఇవింత నున్నగా ఉన్నాయేమిటండీ అని అడిగింది.

మొగిలి పెళ్లాం సత్తెమ్మ బదులిచ్చింది. "ఒకరి కాడికి తెచ్చేటియి గద బిడ్డా. మంచియి ఏరి, కడిగి తెచ్చిన. మెత్తగున్నయి కోస్తే లోపట గోధుమరంగు గీత. అసొంటియి తెస్తమా?"

"గీత ఉన్నవి ఎక్కడున్నాయమ్మా?"

సత్తెమ్మ టిఫిన్ డబ్బా వైపు చూసింది. వాటినే చెడినంత మేర కోసేసి పొద్దున కూర వండింది.

ఆ గీత తెగులుదేమోనని అనుమానమని, నాటొద్దని, ఏరకుండా మళ్లీ తెమ్మని హరిత చెప్పింది. ఆమె గొంతులో వెటకారం లేదు. మొగిలికి ఒళ్లు మండింది అందుకే. పెళ్లాన్ని తిట్టబోయి నోరు మూసుకున్నాడు. ఆమె ఏరుతుంటే పక్కన నిలబడి, ఇంకా నున్నటివి చూడమన్నది తనే.

"రేపు కూలోళ్లను రావద్దని చెప్పు," అన్నాడు భాస్కర్‌తో.

కారులో సత్తెమ్మ డబ్బా విప్పింది. జొన్నరొట్టె, ఆలుగడ్డ కూర. కూర కమ్మగానే ఉంది. ముగ్గురూ తిన్నారు.