కేకు మోసేవాళ్లు

"వ్యాసం అచ్చుకి ఒప్పుకున్నారు, బంగారం" అంటూ మాల్తే వంటింట్లోకి వచ్చినప్పుడు నేను బంగాళాదుంపల తొక్క తీస్తున్నాను. తడిచేతులతోనే అతని మెడ చుట్టేశాను. కొత్తగా పెళ్లయిందేమో, మా ఇద్దరి కప్పులూ ఒకే కొక్కేనికి వేలాడుతున్నా నాకు ముచ్చటే. ఫోన్లో చివరి పేజీ చూపించాడు. గాజుసామాను కడిగిపెట్టిన నా భార్య రికేకు కృతజ్ఞతలు అని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. అచ్చులో నా పేరు. మురిసిపోయి ముద్దు పెట్టుకున్నాను. ఆ ముద్దు తలుచుకుంటే ఇప్పుడు నా మొహం నాకే చూసుకోవాలనిపించడం లేదు.

ఆర్హుస్ ఊళ్లో మేమిద్దరం పనిచేసేది ఒకే ప్రయోగశాలలో. అతను పరిశోధకుడు, నేను సహాయకురాలిని. ఆసుపత్రి మురుగునీటిలో మిగిలిపోయే మందుల్ని వెలుతురు సాయంతో విరగ్గొట్టే సన్నటి తెల్లపొడి మీద మా పని. అది పనిచెయ్యాలంటే మామూలు ఎండ చాలదు, ప్రత్యేకమైన దీపం ఉండాలి. కిందటి చలికాలం నేను ఆ పొడిలో యూరియా కలిపి కాల్చితే పొడి పసుపుపచ్చగా దిగింది. "మాడ్చేశావు, పారెయ్. నీ వంటలాగే ఉంది" అన్నాడు మాల్తే. నేనూ నవ్వాను. కానీ మనసొప్పక, నీలిరంగు నీళ్లలో కలిపి ఒక గ్లాసు కిటికీలో, ఒకటి చీకటి అలమరలో పెట్టాను. పొడి వెయ్యని గ్లాసు ఇంకొకటి కిటికీలోనే ఉంచాను. మా డిసెంబరు ఎండ ఏపాటిది? అయినా పొడి వేసి కిటికీలో పెట్టిన గ్లాసొక్కటే రంగు విరిగి తేటపడింది. తర్వాత మందులతోనూ చేసి చూశాను. అవీ విరిగాయి. వ్యాసమంతా ఆ పసుపు పొడి గురించే.

రచయితల్లో నా పేరేదని అడిగితే, "పేర్లు పెరిగితే నా వాటా పలచబడుతుంది. అయినా నీదీ నాదీ వేరా?" అన్నాడు. వేరు కాదనుకున్నాను. అంతలో అత్తగారు బెంతే ఫోన్ చేసి, "అదృష్టవంతురాలివమ్మా. కేకు మీద బాదం ముద్ద మందంగా పరుచు, వాడికిష్టం" అంది. మా ప్రయోగశాలలో శుభవార్త ఎవరిదైతే కేకు వాళ్లే తేవాలి. మోసుకొచ్చిన మనిషినే అందరూ చుట్టూ చేరి, ఏం సాధించావని అడుగుతారు.

నేను గుడ్లు కొట్టాను. గిన్నెలో పచ్చసొన పసుపు చూసి చెయ్యి ఆగిపోయింది. అతను నా పేరు రాయకపోవడం కంటే, కడిగిన గాజుసామానుకి నేను పొంగిపోవడమే ఎక్కువ సిగ్గనిపించింది.

కేకు చల్లారాక మాల్తే వచ్చాడు. "పెట్టెలో సర్దు, పొద్దున్నే పట్టుకెళ్తా."

"రేపు కేకు నేను మోస్తాను" అన్నాను. "అడుగుతారుగా, చెప్తాను."