కాపలావాడి కొడుకు

గడియ మామ రంగస్థలం మీద మోకాళ్లు నొక్కుకుంటూ కూర్చుని కోట తలుపు గడియకు నూనె రాస్తున్నాడు. మధ్యాహ్నం ఆటకు ఇంకా గంట ఉంది. నిజానికి ఆ పని వడ్రంగిది. కానీ పద్దెనిమిదేళ్లుగా ఆ గడియ తీసేది తను. అది మొరాయిస్తే జనం నవ్వేది తనను చూసే. అతని అసలు పేరు నాటక సమాజంలో అందరూ ఎప్పుడో మరిచిపోయారు.

నాటకంలో రాకుమారుడు తండ్రిని చంపినవాడి మీద పగ సాధిస్తాడు. శత్రువు లోపల ఉన్నాడనుకుని ధాన్యపు కొట్టుకు నిప్పు పెడతాడు. శత్రువు తప్పించుకుంటాడు, కోట కాపలావాడి కొడుకు కాలిపోతాడు. పారిపోతూ రాకుమారుడు "తలుపు తియ్యి" అంటాడు. కాపలావాడు తీస్తాడు. అంతే మామ వేషం. ఒక్క మాట కూడా లేదు.

ఇవాళ పొద్దున మేనేజరు చల్లగా కబురు చెప్పాడు.

"నాటకం మరీ సాగుతోంది మామా. రేపట్నుంచి తలుపుకి తాడు కట్టి లాగించేద్దాం. మధ్యలో కాపలావాడెందుకు, దండగ!"

"వాడి కొడుకు పోయాడు కదండీ."

"ఎవడికి గుర్తుంటుంది?"

ఆ మాట మామకు తగలరాని చోట తగిలింది. అతని కొడుకును గుద్ది చంపిన లారీ డ్రైవరు వాళ్ల వీధి మొదట్లోనే పంచర్ల కొట్టు పెట్టుకున్నాడు. తొమ్మిదేళ్లుగా మామ రోజూ ఆ కొట్టు ముందు నుంచే నడిచి వస్తున్నాడు. ఒక్కనాడూ చెయ్యెత్తలేదు. అలాగని కడుపుమంట చల్లారనూ లేదు. చెయ్యెత్తనివాడికి దుఃఖమే లేదనుకుంటారు జనం. ఉందని ఇవాళ చూపించి తీరాలనుకున్నాడు.

ఆటలో రాకుమారుడు మసి మొహంతో పరుగున వచ్చి, "తలుపు తియ్యి" అన్నాడు.

మామ కదల్లేదు. "తియ్యి" అన్నాడు రాకుమారుడు మళ్లీ, గొంతు తడబడుతూ. తెర పక్కన మేనేజరు చేతులు తెగ ఊపుతున్నాడు. మామ బల్లెం ఎత్తి రాకుమారుడి గుండెకు ఆనించాడు. హాల్లో గుసగుసలు ఆగిపోయాయి.

మూడో వరుసలో ఒకావిడ ఉండబట్టలేక అరిచింది. "తియ్యకు తాతా! నీ బిడ్డను పొట్టన పెట్టుకున్నాడు!"

మామ ఆమె వైపు చూడలేదు. కాసేపటికి బల్లెం దించి, నెమ్మదిగా గడియ తీశాడు. రాకుమారుడు తలెత్తి నడవలేక, దాటలేక దాటాడు. తండ్రి కోసం ఏడ్చినవాడే ఇంకో తండ్రిని ఏడిపించాడని జనానికి ఆ రోజే తెలిసింది.

ఆట అయ్యాక మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "అదరగొట్టావ్ మామా! సీను ఉంచేద్దాం. కాకపోతే... ఇంత బరువైన వేషానికి కాస్త పేరున్నవాడుండాలి. ఏమీ అనుకోకు."

మామ పెట్టుడు గడ్డం ఊడదీసి మేకుకు తగిలించాడు.

"కాపలావాడైతే ఉంటాడుగా?"

"ఉంటాడు. ఎందుకుండడు?"

"అయితే ఆ వచ్చేవాడికి చెప్పండి, బల్లెం దించేటప్పుడు ఏడవొద్దని. ఏడిస్తే చేతకాక దించాడనుకుంటారు."

మొహం కడుక్కుని, సొంత చొక్కా తొడుక్కుని, వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయాడు. అద్దం పక్కన మేకుకు అతని పెట్టుడు గడ్డం వేలాడుతోంది. దాని లోపలి వైపు చెమట ఇంకా ఆరలేదు.