ముప్పై రెండు మిల్లీలీటర్లు

"ఇది కడిగిన గ్లాసేనా, నీళ్ళకి చూపించి తెచ్చావా?" అన్నాడు మా ఆయన, గ్లాసుని కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి. ఎదురుగా ఆయన స్నేహితుడూ, అతని భార్యా కూర్చుని ఉన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి గ్లాసు అందుకున్నాను. ఆ నవ్వు వంటింటి గుమ్మం దాకానే వచ్చింది.

గ్లాసుకి పాలపొరలాంటి తెలుపు. పొద్దున్నుంచి మూడోసారి తోమాను దాన్ని. తడిగా ఉన్నప్పుడు మెరుస్తుంది, ఆరగానే మసకబారుతుంది. గ్లాసులొక్కటే అయితే సరే అనుకోవచ్చు. కొళాయి మెడ చుట్టూ గార, బకెట్ల అడుగున గార, స్నానాల గది పలకల మీద ఎన్ని చారలో. ఆదివారం వచ్చిందంటే నిమ్మచెక్కలూ, వెనిగరూ, పాత చెంచా పట్టుకుని గోడల వెంట మోకాళ్ళ మీద పాకుతాను. సోమవారానికల్లా చారలు తిరిగొస్తాయి. "చేతిలో పట్టు లేదమ్మాయ్ నీకు. మా కాలంలో గిన్నెలో మొహం చూసుకునేవాళ్ళం," అంటుంది అత్తయ్య, సోఫాలోంచి. ఆయన చొక్కాలు అట్టల్లా ఆరతాయి, అదీ నా వల్లే. నా జుట్టు దువ్వెనకి ఉండలు ఉండలుగా వస్తుంది, అదీ నా వల్లే, సరిగ్గా తిననట. వేళ్ళ సందుల్లో చర్మం చీలి, ఉప్పు డబ్బాలో చెయ్యి పెడితే చుర్రుమంటుంది.

ఒక్కసారి మాత్రం, "తప్పు నాది కాదు, నీళ్ళది," అన్నాను. మా ఆయన కిందికి వెళ్ళి, లిఫ్టు పక్కన అంటించిన కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకొచ్చాడు. "చదువు. కాఠిన్యం రెండు వందల పది. పరిమితికి లోబడి ఉంది. పరీక్షించినవారు అన్నచోట ఈ సంతకం ఎవరిదో కాస్త చెప్తావా?"

సంతకం నాదే.

"ఆఫీసులో నీళ్ళు బాగున్నాయని సంతకం పెడతావు. ఇంటికొచ్చి నీళ్ళ మీదికి నెడతావు. భలేదానివోయ్!"

నేను పనిచేసేది ఊరి నీటి పరీక్షల ల్యాబులో. నెలనెలా ఒక్కో కాలనీ నుంచి సీసాల్లో నీళ్ళొస్తాయి. మా కాలనీ మాత్రం గొట్టాల చివరన ఉంది. అక్కడికి వెళ్ళి రావడానికి ఒక పూట పడుతుందని బండి వెళ్ళదు. నేను చేరిన మొదటి నెలలోనే పెద్దసారు రిజిస్టర్లో ఆ వరస మీద వేలు పెట్టి, "పోయిన నెల అంకెకి అటో ఇటో ఐదు వెయ్యమ్మా. ఎప్పుడూ ఒకటే ఉంటే బాగుండదు," అన్నారు. నూరు పనుల మధ్య అదొక చిన్న పని. రెండు వందల పది. రెండు వందల ఐదు. రెండు వందల పదిహేను. అలా మూడేళ్ళు రాశాను.

ఊరి బళ్ళో సైన్సు టీచరు ఒకే మాట చెప్పేది, "కనిపించింది రాయండి, కనిపించాల్సింది కాదు." ఆ మాట నేను మర్చిపోలేదు. రోజూ గుర్తొచ్చేది, అయినా రాసేదాన్ని. అంతకంటే విడ్డూరమైన సంగతి ఇంకొకటి ఉంది. నేను అల్లిన అంకెని నేనే నమ్మాను. నీళ్ళు బాగానే ఉన్నాయి కాబోలు, నా చేతిలోనే పట్టు లేదు కాబోలు అనుకుని ఇంకా గట్టిగా తోమాను. స్నేహితుల ముందు గ్లాసు కిటికీకి ఎత్తిన ఆ సాయంత్రం దాకా, మా కొళాయి నీళ్ళని ఒక్కసారైనా పరీక్షించాలని నాకు తోచనేలేదు.

మర్నాడు పొద్దున వంటింటి కొళాయి దగ్గర సీసా పట్టాను. "ఇంటి నీళ్ళు ఆఫీసుకి మోస్తున్నావేంటి? అక్కడ గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కు లేదా?" అంది అత్తయ్య. "ఒకళ్ళకి చూపించాలి అత్తయ్యా," అన్నాను.

ల్యాబులో యాభై మిల్లీలీటర్లు కొలిచి, ముక్కు మండించే మందూ, చిటికెడు రంగుపొడీ వేశాను. నీళ్ళు ఎర్రబడ్డాయి. పైనున్న గాజుగొట్టం నుంచి ఇంకో మందు బొట్టుబొట్టుగా వదులుతూ ఫ్లాస్కు తిప్పాలి. ఎరుపు నీలంగా మారేసరికి ఎంత మందు పట్టిందో, దాన్ని ఇరవైతో హెచ్చిస్తే కాఠిన్యం, అంటే నీళ్ళలో ఉన్న సున్నం లెక్క. నేను రాస్తూ వచ్చిన అంకె నిజమైతే పదిన్నర దగ్గర మారాలి. మారలేదు. ఇరవై దాటింది, ఎరుపే. నా కాలు బల్ల కింద దానంతటదే ఊగుతోంది. ముప్పై ఒకటి దగ్గర ఊదారంగు పొడసూపింది. ముప్పై రెండు దగ్గర నీలం.

మళ్ళీ చేశాను. మళ్ళీ చేశాను. మూడుసార్లూ ముప్పై రెండే. ఆరు వందల నలభై.

సీసాలు కడిగే అక్క పక్కనే నిలబడి చూస్తోంది. మా వెనకవీధిలోనే ఉంటుంది. "ఎక్కువా?" అంది.

"గరిష్ఠ పరిమితే ఆరు వందలక్కా."

తన చేతులు తిప్పి చూసుకుంది. అవే చీలికలు. "మా అత్త నాలుగుసార్లు సబ్బు మార్పించింది నాచేత. ఐదోసారి నన్నే మారుస్తానంది," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా కాలనీలో ఎన్ని వంటిళ్ళు! ఎంతమంది ఆడవాళ్ళు నా అంకెని తోముతూ కూర్చున్నారు!

పెద్దసారు వచ్చి చూశారు. కోప్పడలేదు, అదే కష్టమైంది. "సొంతానికి చేసుకున్నావు, సరే. రిజిస్టర్లో మామూలుగా వేసెయ్ తల్లీ. వచ్చే నెల నీ కాంట్రాక్టు కాగితం పైకి పంపాలి నేను. పైవాళ్ళు అడిగితే ఏం చెప్పను?"

"పోయిన మూడేళ్ళూ పరీక్ష చెయ్యలేదని చెప్పండి సార్."

"సంతకాలు నీవే కదమ్మా."

"నావే సార్."

ఆయన ఫోను వచ్చిందని బయటికి వెళ్ళారు. నేను రిజిస్టరు తెరిచాను. మా కాలనీ వరసలో ఆరు వందల నలభై అని రాశాను. సేకరించిన చోటు అన్న గడిలో, మా వంటింటి కొళాయి. సంతకం పెట్టాను. మూసేసి లేచిపోవచ్చు. అంతవరకు చాలనే అనిపించింది ఒక క్షణం.

పేజీ వెనక్కి తిప్పాను. ఇంకా వెనక్కి, నేను చేరిన మొదటి నెల దాకా. నా చేతిరాతే, బుద్ధిగా, గుండ్రంగా: రెండు వందల పది. దాని పక్కన 'పరీక్షించలేదు' అని రాసి, కింద నా సంతకం పెట్టాను. ఇలాంటివి ఇంకా ముప్పై ఐదు ఉన్నాయి. కుర్చీ ముందుకు లాక్కున్నాను.