కోపమొస్తే మాత్రేనా?

మానసిక ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక కోడలు ఏం మాట్లాడినా ఇంట్లో ఒకటే జవాబు: "మాత్ర వేసుకున్నావా?"

వంటింటి కుళాయి కారుతోందని మొదట మెల్లగానే చెప్పింది. భర్త జాలిగా చూశాడు. "నువ్వవన్నీ ఆలోచించకు. పడుకో." మళ్లీ చెప్తే అత్తగారు గ్లాసుతో నీళ్లు తెచ్చి మాత్రల డబ్బా పక్కన పెట్టింది. చివరికి తడి నేల మీద కాలు జారి, మోచెయ్యి గట్టుకు కొట్టుకుని, గొంతెత్తింది.

"ఇల్లు చెరువయ్యాక పిలుస్తారా ప్లంబర్ని?"

తల్లీకొడుకులు మొహమొహాలు చూసుకున్నారు.

"మళ్లీ మొదలైందమ్మా," అన్నాడు భర్త గొంతు తగ్గించి.

"ఏం మొదలైంది? నాకు చెవులు బాగానే పనిచేస్తున్నాయి!"

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది ఆమెకు. కొట్టుకుంటే తిన్నగా ఆసుపత్రికే తీసుకెళ్తారని ఊరుకుంది.

ఆ సాయంత్రం నర్సు వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇళ్లకెళ్లినవాళ్లు ఎలా ఉన్నారో చూసి వెళ్లడం ఆవిడ పని. కోడలు నోరు తెరిచేలోపే భర్త అందుకున్నాడు.

"కోపం ఎక్కువైందండీ. డోసు పెంచాలేమో?"

నర్సు కోడలి వైపు తిరిగింది. "నిద్ర పడుతోందా?"

"బాగానే పడుతోందండీ," అన్నాడు భర్త.

"మీ నిద్ర గురించి తర్వాత అడుగుతాను."

కోడలికి నవ్వాగలేదు. నిద్ర పడుతోందని, ఆకలేస్తోందని, మాత్రలు ఒక్కపూట కూడా మానలేదని చెప్పింది.

"మరి కోపం దేనికి?"

"కుళాయండీ."

నర్సు లేచి వంటింట్లోకి వెళ్లింది. సర్రున కాలు జారి, తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఏంటండీ ఇది! మనుషులు తిరిగే చోటేనా?" అని అరిచింది.

ఈసారి మాత్ర ఊసు ఎవరూ ఎత్తలేదు.

"నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా, ఎవరో తరుముతున్నారని భయపడినా నాకు ఫోన్ చెయ్యండి," అంది నర్సు కూర్చుంటూ. "ఇలాంటివాటికి కోపం రాకపోతేనే అనుమానించాలి. మాత్రలు ఆమెనే చూసుకోనివ్వండి."

భర్త తల దించుకున్నాడు. "పోయినసారి కూడా కోపంతోనే మొదలైందండీ. అందుకే భయం."

కోడలు ఆ మాట వినడం అదే మొదలు. "అదేదో నాతో అనొచ్చుగా?"

"అంటే నీకేమవుతుందోనని..."

"ఇదిగో, మళ్లీ!"

మర్నాడు ప్లంబరొచ్చి బాగుచేసి వెళ్లాడు.

ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లు కొందరు వారానికోసారి కలుస్తుంటారని నర్సు చెబితే, కోడలు విసుక్కుంటూనే వెళ్లింది. తను ఆవులించినా ఇంట్లోవాళ్లు డాక్టరుకి ఫోన్ చేస్తున్నారని అక్కడో బస్సు డ్రైవరు మొత్తుకున్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. కబుర్లలో పడి ఆలస్యమైంది.

తిరిగొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది.

"ఇల్లనేది ఒకటుందని గుర్తుందా? ఫోనన్నా చెయ్యక్కర్లేదూ? పెళ్లైనప్పట్నించీ ఇదే వరస నీది!" అని దులిపేసింది. అంతలోనే నాలిక్కరుచుకుని బెదురుగా చూసింది.

"ఆపేశారేం అత్తయ్యా, కానివ్వండి," అంది కోడలు, చెప్పులు విప్పుకుంటూ.